సీటు వెనక్కి జరిగింది

శుక్రవారం సంతలో చింతపండు బేరమాడుతుంటే
సంచీ కోసేశారు.
పర్సులో ఉన్నది పన్నెండు దినార్లు. పోనీ.
పోగూడనిది తాళంచెవి.
దాని గుత్తికి ఓ ప్లాస్టిక్ బిళ్ళ,
బిళ్ళ మీద నా చేత్తో నేనే రాసుకున్న అడ్రసు:
ఖైతాన్, బ్లాకు, వీధి, బిల్డింగు.
ఎక్కడన్నా పారేసుకుంటే తెచ్చిస్తారని రాశాను.
దొంగకి దారి చెప్పిన తెలివి నాది.

మఖ్ఫర్‌లో కాగితం రాసిచ్చారు.
కాగితం రాత్రిపూట కాపలా కాయదు కదా,
దర్గయ్యకి ఫోన్ చేశాను.
చిట్వేలి మనిషి, మాట తక్కువ, స్పానర్లెక్కువ.
కిటికీ రబ్బరు సందున తీగ దూర్చి
రెండు నిమిషాల్లో తలుపు తెరిచాడు.
"చూసినావా అక్కా,
చెవి ఉన్నా ఇంతే, లేకున్నా ఇంతే"
అని బానెట్ లేపి
బ్యాటరీ ఊడదీసి నా చేతుల్లో పెట్టాడు.

ఏడాది నిండిన బిడ్డంత బరువు.
లిఫ్టు చెడిపోయి వారమైంది,
మూడంతస్తులు చంకనేసుకుని ఎక్కి
బియ్యం బస్తా పక్కన పడుకోబెట్టాను.
కింద నా సన్నీ
ముందు హమ్దీ పికప్, వెనక గోడ,
ముగ్గురి సీటులో నడిమి మనిషిలా ఇరుక్కుంది.

ఆ రాత్రి బాల్కనీలోనే.
వీధిలోకి మలుపు తిరిగిన ప్రతి నీడా
నా బిళ్ళ చదువుకుంటూ వస్తున్నట్టే ఉంది.
రేపటికి నలభై క్యారియర్లు,
నలభై గదుల్లో నలభై ఆకళ్ళు,
బండి పోతే పప్పు ఎవరి భుజమ్మీద పోతుంది?

శనివారం షువైఖ్ నుంచి సిరియా కుర్రాడొచ్చాడు.
బ్యాటరీ మళ్ళీ కిందికి దించి బిగిస్తే
స్టీరింగు కింద వైరు గుచ్చి, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని
బండికి పాఠం చెప్పాడు:
కొత్త చెవిని గుర్తుపట్టు, పాతదాన్ని మర్చిపో.
ముప్పై అయిదు దినార్లన్నాడు.
"గుర్తుపట్టడానికా, మర్చిపోవడానికా?"
"రెంటికీ కలిపే" అని నవ్వాడు.

తలుపులు మాత్రం మర్చిపోవట.
పాత చెవి తిప్పితే తెరుచుకుంటాయి,
ఇంజను పలకదు, అంతే.
వాటికీ మార్చాలంటే ఇంకో ఇరవై.
వచ్చే నెల చూద్దామన్నాను.

వచ్చే నెల జనవరి.
వాన పడి వెలిసిన పొద్దున
సీట్లో కూర్చుంటే కాళ్ళు బ్రేకుకి అందలేదు.

నేను అయిదడుగులకి కొంచెం తక్కువ,
స్టీరింగుని పొట్టకి ఆనించుకుని తోలేదాన్ని.
సీటు ఆఖరి పన్ను దాకా వెనక్కి జరిగి ఉంది.
అద్దాలకి లోపలివైపు ఊపిరి తడి.
యాష్‌ట్రేలో ఏడు ఖర్జూరపు గింజలు
వరసగా పేర్చి.
ఇంజను తిప్పి చూసే ఉంటాడు.
పలక్కపోతే
సరే, పడుకుందామనుకుని ఉంటాడు.

"ఈ పొద్దే తాళాలు మార్పించు, ఇరవై నేనిస్తా"
అని దర్గయ్య కసిరాడు.
రేపన్నాను.
అడిగినప్పుడల్లా రేపే.

చీకటి పడ్డాక చిల్లర తీసేస్తాను,
దఫ్తర్ తీసేస్తాను,
బ్యాటరీ వైరొకటి ఊడబెరుకుతాను.
జాలి జాలే, వైరు వైరే.
వెనక సీట్లో ఓ దుప్పటి, నీళ్ళ సీసా
మర్చిపోయినట్టు వదిలేస్తాను.
తెల్లారి సీటు ముందుకి లాక్కుంటాను,
క్యారియర్లు ఎక్కిస్తాను.

నిన్న లాగాల్సిన పని పడలేదు.
దుప్పటి మడత మారింది, సీసా ఖాళీ,
సీటు మాత్రం
నా పొట్టి కాళ్ళ కొలతకి జరిపి ఉంది.