పట్టు విడుపు

సెల్‌వాట్న్ సరస్సులో పందెం మొదలయ్యే చోట
ఓ చెక్క తెప్ప.
దాని మీద బోర్లా పడుకుని
మూడో వరస పడవ తోక పట్టుకోవడం నా పని.
ఎర్రజెండా దిగగానే వదిలెయ్యాలి.
అంతే.
మా ఆవిడ కూడా ఎప్పుడూ మెచ్చుకోలేదు.

తెడ్లు వేసేవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటారు.
వెళ్లే చోటు వీపుకి తెలియాలి,
మొహం మాత్రం నా వైపే.

గున్‌వోర్‌ని మొదట అలాగే చూశాను.
పదిహేనేళ్ల పిల్ల. ఎరువు తెచ్చిన పడవ,
దానికి బిగించిన బూట్లు ఎవరో మగవాడివి,
మడమల దగ్గర ఊలు కుక్కుకుంది.
ముక్కు కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.
"పట్టుకున్నావా?" అంది.
"ఆఁ" అన్నాను.
"అంత గట్టిగా వద్దు."

ఆ రోజు ఎన్నోది వచ్చిందో నాకు తెలీదు.
రెండు వేల మీటర్ల అవతలి గెలుపు
నా దాకా మైకులో ముక్కలై వస్తుంది.
పేరు వినిపిస్తే అంకె మునుగుతుంది,
అంకె తేలితే పేరుని గాలి తన్నుకుపోతుంది.

తర్వాతి వేసవికి అరచేతులు కాయలు కాశాయి,
రంపపు మిల్లులో నా చేతులకి పోటీగా.
సరస్సు గడ్డకట్టిన ఐదు నెలలూ
బంగాళదుంపల కొట్టంలో
గొలుసు యంత్రం లాగేదట,
గోడ మీద తేమ మరక ఒక్కటే ఎదురుగా.
వాళ్లమ్మ బోదిల్ చెప్పింది:
"నిద్రలో కూడా మోకాళ్లు ముడుస్తుందయ్యా."

ఆమె ప్రపంచాన్ని గెలిచిన మధ్యాహ్నం
నేను రంపం ఆపి రేడియో పెట్టాను.
దుంగ సగం కోసి ఉంది.
ఇరవై నిమిషాల కూలి కోశాడు మేస్త్రీ.
ఆ సాయంత్రం వీధిలో జెండా కట్టిందీ అతనే.
మరుసటేడు మళ్లీ గెలిచింది.
ఆ మీదటేడు బొటనవేలంత తేడాలో పోయింది.
పేపర్లో ఫోటో:
పడవలో వెనక్కి వాలిపోయి, నోరు తెరుచుకుని.
గెలిచిన ఫోటోకీ దీనికీ
నాకు తేడా తెలియలేదు.

ఏటా జాతీయ పందేలకి వచ్చేది.
మూడో వరస పడితే నవ్వేది కాదు,
నా మణికట్టు చూసేది.

నడుము పాడైన ఏడు
మొదటిసారి నా కళ్లలోకి చూసింది.
ముప్ఫై నాలుగేళ్లు. బూట్లు సరిగ్గా సరిపోయాయి.
"ఈసారి కాసేపు వదలకు" అంది,
వేళాకోళమో కాదో.
జెండా దిగింది.
నా వేళ్లు నన్నడగలేదు.

నన్నే చూస్తూ వెళ్లింది,
ముందు మొహం, తర్వాత ఎర్ర టోపీ,
తర్వాత నీటి మీద వరసగా సుడిగుంటలు,
రెండేసి రెండేసి, పూడుకుంటూ.

గాలి ఆ రోజు అటు వీస్తోంది.
మైకు ఒక్క ముక్కా పంపలేదు.
నేనూ ఎవర్నీ అడగలేదు.
తెప్ప మీద నీళ్లు చీపురుతో తోశాను.
మూడో వరసలోకి ఇంకో పిల్ల
తెడ్లు తడబడుతూ వెనక్కి వస్తోంది.
ముందు దాని బూట్లు చూశాను.