మరమేకు

పీణ్య రెండో స్టేజిలో
పద్దెనిమిదేళ్లుగా నేను తిప్పేది మరలే.
కడ్డీ బిగిస్తాను, అంచు తీస్తాను,
నూనె పొగలో ఇనుము చుట్టలు చుట్టలుగా రాలుతుంది.
రోజుకు నాలుగొందల మేకులు.
ఏ తలుపుకో, ఏ మోటారుకో,
ఎన్నడూ అడగలేదు.

ముందటేడు శ్రావణంలో జాలహళ్లి క్రాస్ దగ్గర
వాననీళ్లు కప్పేసిన గుంతలో బండి పడ్డాక
నా ఎడమకాల్లోకి ఏడు దిగాయి.
పట్టీకి ఎనిమిది రంధ్రాలు.
ఒకటెందుకు ఖాళీగా వదిలారని
మత్తు దిగుతూనే అడిగానంట.
గంగరత్న ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది:
కాలుందా అని అడగలేదు ఈ మనిషి,
లెక్క తప్పిందని అడిగినాడు.

మూడు నెలలు కాలు మోపొద్దన్నారు.
షెడ్డు యజమాని ఆరు వారాలు ఓర్చుకున్నాడు.
ఏడో వారం ఫోను చేసి
నా సంగతి అడగలేదు,
మిషను సంగతి చెప్పాడు. ఊరికే పడుందని.
స్టూలు మీద కూర్చుని చేస్తానన్నాను.
లేతు ముందు ఎవడు కూర్చుంటాడు?

కార్తీకం చలికి
చర్మం కింద ఒక గింజ లేచింది.
మొదట జొన్నగింజంత, తర్వాత శనగగింజంత.
తాకితే కదిలేది.
ముద్దురంగప్ప వంగి చూసి
"స్క్రూ లూజ్ ఆగిదె కణో" అన్నాడు.
అందరం నవ్వాం. నేనే ఎక్కువ నవ్వాను.
ఆ మాట ఎంతమందిని అని ఉంటానో జీవితంలో.

ఆ రాత్రే గింజ చితికింది.
లుంగీ మీద పసుపుపచ్చ మరక. వాసన.
గంగరత్న ఫోను లైటు వేసి చూసింది.
చూసి, ఏమీ అనకుండా
నీళ్లు కాచడానికి లేచింది.

ఎక్స్‌రేను కిటికీకి ఆనించి చూపించాడు
డాక్టర్ శశికిరణ్, నా తమ్ముడి వయసు.
రెండు ముక్కల మధ్య ఇంకా సన్నని నల్లగీత.
"లోహం ఎముకకు తోడొచ్చింది గానీ
ఎముకకు బదులు రాలేదు.
ఎముక అందుకునేదాకా మోస్తుంది.
అందుకోకపోతే
ఒక్కటే మోసి మోసి విరుగుతుంది."
కన్నడంలోనే చెప్పాడు.
నాకు తెలుగులో వినిపించింది.

విప్పదీశారు.
ఆరు చక్కగా వచ్చాయి.
ఏడోదానికి తల మాత్రమే.
మొండెం లోపలే ఉండిపోయింది.
తవ్వితే ఉన్న ఎముకా పోతుంది, ఉండనీ అన్నారు.
ఉంది.
కాలి బయట కడ్డీల పంజరం కట్టారు.
ఐదు నెలలు దుప్పటి దానికి తగులుకునేది,
పక్కన పడుకున్న పిల్లది నిద్రలో తిట్టేది.

ఆ తలను అడిగి తెచ్చుకున్నాను, మందుసీసా మూతలో.
షెడ్డులో భూతద్దం కింద పెట్టాను.
విరిగిన ముఖం మీద గీతలు,
చెరువు తగ్గుతూ ఒడ్డున వదిలిన గీతల్లా
ఒకదాని లోపల ఒకటి.
ఇది ఒక్క దెబ్బకు విరిగింది కాదు.
బస్టాపుదాకా నడక ఒక గీత.
మెట్లు ఒక గీత.
నైటు షిఫ్టులు ఎన్నో లెక్క అందలేదు.
ఫోనులో "సరే సార్" అన్నది ఏ గీతో
చాలాసేపు వెతికాను.

వెర్నియరుతో కొలిచాను.
మర ఎక్కడా తప్పలేదు.
ఎవడో బాగానే తిప్పాడు,
ఇలాంటి షెడ్డులోనే, ఇలాగే నిలబడి,
ఎవడి కాల్లోకో తెలియక.

మొన్న కొత్తగా చేరిన పెనుకొండ కుర్రాడు ఓబులేసు
మేకు తల కింద మూలను కత్తిలా చెక్కుతున్నాడు.
మిషను ఆపించాను.
"మెడ దగ్గర పదును వదలొద్దురా,
కొంచెం గుండ్రం ఇయ్యి. విరిగేది అక్కడే."
"ఇది గేటు మేకు కదన్నా," అన్నాడు వాడు,
"ఎవరు చూస్తారు?"

బరువు కుడికాలి మీదికి మార్చుకుని
వాడి పక్కనే నిలబడ్డాను,
ఇంకో మేకు అయ్యేదాకా.