వేశాను

నవంబరు ఆఖర్న సూర్యుడు వెళ్ళిపోయాడు.
జనవరి మూడోవారం దాటితే గాని రాడు.
మా వార్దోలో దీన్నెవరూ దుఃఖమనరు,
దీపాలు వేసుకుంటారు, అంతే.

పిల్లికి మాత్రం పొద్దున ఆరు, సాయంత్రం ఆరు.
రెండిటికీ కిటికీలో ఒకే నలుపు.

దాని పేరు మొల్తె.
చిత్తడి నేలల్లో కాసే నారింజరంగు పండు పేరు.
పదకొండేళ్ళు. మూతి దగ్గర నెరిసింది.
సెప్టెంబరులో నీళ్ళగిన్నె నింపినకొద్దీ ఖాళీ చేస్తూ
వెన్నుపూసలు వేలితో లెక్కపెట్టేంత చిక్కిపోయింది.
కిర్కెనెస్ నుంచి వచ్చిన డాక్టరమ్మ కళ్ళజోడు తీసి
"షుగరు" అంది, మనిషికి చెప్పినట్టే.

అప్పట్నించి ఫ్రిజ్ తలుపులో
వెన్నకీ చేపగుడ్ల ట్యూబుకీ నడుమ ఒక చిన్న సీసా.
కుదపకూడదు. వత్తి చేసినట్టు
అరచేతుల మధ్య దొర్లించాలి.
ముందు తిండి, తర్వాతే సూది.
తినకపోతే ఆగు, ఫోన్ చెయ్యి.
మెడ వెనక తోలు గుడారంలా లేపి
రెండు యూనిట్లు.
మందు బయటికి కారి బొచ్చు తడిసినా సరే
మళ్ళీ వెయ్యకు.
ఇవన్నీ నేను నేర్చుకున్నాను.
తోర్లైఫ్ కూడా నేర్చుకున్నాడు,
పక్కగదిలో, ఇంకో కాగితం చూసి.

అక్టోబరు నుంచి మాకు మాటల్లేవు.
పడవ అమ్మేశాడు. నన్నడగలేదు.
మా నాన్న పడవ.
ఆయన రాత్రిళ్ళు మంచు తోసే బండి నడుపుతాడు,
నేను పగలు చేపల ఫ్యాక్టరీలో ముళ్ళు ఏరతాను.
ఏదైనా చెప్పాలంటే పిల్లికి చెప్పేవాళ్ళం:
"మొల్తె, ఆయనకి చెప్పు, కరెంటు బిల్లొచ్చిందని."

ఆ శనివారం ఆరింటికి నేను వేశాను.
నేను స్నానానికి వెళ్ళాక
ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. ఖాళీ గిన్నె చూశాడు.
అది కాళ్ళకి చుట్టుకుని అరిచింది,
దానికి ఎప్పుడు ఆకలి లేదు గనక?
పెట్టాడు.
వేశాడు.

తొమ్మిదింటికి అది తాగినవాడిలా వచ్చి
బల్లకోడుకి గుద్దుకుంది.
బియ్యం పోసి వేడిచేసిన మేజోడు చెవికి ఆనించి
అంచున గుచ్చాను. ఆవగింజంత నెత్తురు.
ఒకటి పాయింటు తొమ్మిది.
నాలుగు కిందికి రానివ్వొద్దని రెండు కాగితాల్లోనూ ఉంది.

"నువ్వు వేశావా?"
తొమ్మిది వారాల తర్వాత నా నోట్లోంచి మొదటి మాట.
"వేశాను. నువ్వు?"

ఇంట్లో తేనె లేదు.
క్రిస్మస్ బిస్కెట్లకి తెచ్చిన పాకం డబ్బా ఉంది.
నేను పట్టుకున్నాను, ఆయన చిటికెనవేలితో
చిగుళ్ళకి రాశాడు, కొంచెం కొంచెం.
చేతిమీద గాటు పడింది. చూసుకోలేదు.
గాలివానకి విమానాలు లేవు.
ఫోన్‌లో డాక్టరమ్మ, "గున్వర్, పావుగంటకోసారి
అంకె చెప్పు" అంది.
రెండు పాయింటు మూడు.
రెండు పాయింటు రెండు.
అప్పుడు ఆయన వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.
మూడు పాయింటు ఆరు.
మా ఇంట్లో ఇన్ని అంకెలు ఎవరూ పైకి చదవలేదు.
రెండింటికి అది లేచి, మర్యాద లేకుండా,
చేప అడిగింది.

ఇప్పుడు ఫ్రిజ్ మీద పాత క్యాలెండరు వెనక్కి తిప్పి కట్టాం,
దారానికో పెన్సిలు.
వేశాను. తో.
వేశాను. 11.4. సగమే తింది. గు.
వేశాను. ఎడమవైపు వాచింది, రేపు కుడివైపు. తో.
జనవరిలో ఒకరోజు, అదే దస్తూరీ:
వేశాను. 9.8.
పడవ కొన్నది బర్లెవోగ్ మనిషి.
మీ అమ్మ పేరు చెరపనన్నాడు.

చాలాసేపు నిలబడి,
ఎంతకి అమ్మావు, అని రాశాను.
పెన్సిలు మొన విరిగింది.
చెక్కి, అక్కడే వేలాడదీశాను.