చుక్కల లెక్క

జ్ఞానాపురంలో మా షాపు బోర్డు మీద
సగం చెరిగిన అక్షరాల్లో ఇప్పటికీ 'జిరాక్స్' అనే ఉంటుంది.
ఆ మిషను అమ్మిన డబ్బుతో
డాబాగార్డెన్స్ సందులో రెండు గేమ్ పెట్టెలు కొన్నాను,
ఎవరో ఆడి ఆడి వదిలేసినవి.
గంటకి ముప్పై.
పక్కన నిలబడి చూసేవాళ్లకి ఊరికే.

పోర్టు నుంచి బొగ్గు గాలికి లేచి ఇటే వస్తుంది.
తలుపు మూసినా వస్తుంది.
ఆదివారం పొద్దున్నే పాత టూత్‌బ్రష్షుతో
పెట్టెల ఫ్యాన్లు దులుపుతాను,
ముక్కు చీదితే నాకూ నలుపే.
అవీ నేనూ ఒకే గాలి పీల్చి పనిచేస్తున్నాం.

మొన్న వేసంగిలో కొత్తదానికి ఆశపడ్డాను.
షోరూం కుర్రాడు తెర మీద వేలు పెట్టకుండా చూపిస్తూ
"ఫోర్ కే మేడం, ఎనభై మూడు లక్షల చుక్కలు" అన్నాడు.
ఎంత వెతికినా ఒక్కటీ కనపడలేదు.
ధర చెప్పాడు.
అప్పుడు కనపడ్డాయి.

టీవీ విడిగా, రెండో కంట్రోలరు విడిగా,
పద్దెనిమిది కిస్తీలు.

జిరాక్సు రోజుల్లోనే తెలియాల్సింది నాకు.
అక్షరం నల్లగా రావాలంటే రెండు రూపాయలు,
లైటుగా చాలంటే రూపాయి.
రేషన్ కార్డులో తండ్రి పేరు ఎంత నల్లగా కావాలో
ఎవరి జేబు వాళ్లు తడుముకుని చెప్పేవారు.

మొదటి సాయంత్రం వీధి వీధంతా వచ్చింది.
తెర నిండా సముద్రం, ఓడ,
కెప్టెను కనురెప్పల మీద ఉప్పు.
చోడిపల్లి వాళ్ల పోలారావు
హార్బరులో ఐసు దించి, తడి లుంగీతోనే వచ్చి
చాలాసేపు మాట్లాడలేదు.
"నీరు నీరేనక్కా.
ముడి మాత్రం తప్పేసినారు.
ఈ ముడితో మా నాన్న బోటు కడితే
తెల్లారేసరికి భీమిలిలో తేల్తాది."

పాత పెట్టెలో తాడంటే ఒక గోధుమరంగు గీత.
గీతకి తప్పేముంటుంది.

గంటకి అరవై చేశాను.
నలుగురు తలో పదిహేనూ వేసుకుని వచ్చేవారు,
ఆడేది ఒకడు, దెబ్బలాడుకునేది నలుగురు.
పక్కన పాత పెట్టెలు రెండూ
పిలవని పేరంటానికొచ్చినట్టు కూర్చునేవి.
ఓ రోజు ఎస్తేరు గుమ్మంలోనే ఆగి
గుప్పిట విప్పి చూపించింది:
"పది రూపాయలకి ఎంత సముద్రం వస్తాదక్కా?"

ఎంత వస్తుందో నాకూ తెలీలేదు.
షట్టరు సగం దించి
ఆ రాత్రి సెట్టింగుల్లోకి వెళ్లాను.
ముందు నీడలు తగ్గించాను,
తర్వాత నీళ్లలో కొండ ప్రతిబింబం,
తర్వాత కనురెప్పలు.
ఎనభై మూడు లక్షలు ఇరవై లక్షలకి దిగాయి.
ఫ్యాను ఊపిరి పీల్చుకుంది.
తెరని నిలువునా చీలిస్తే ఇద్దరు పట్టారు.

పెద్ద టీవీని టీకొట్టు పైడయ్య తీసుకున్నాడు, క్రికెట్టుకి.
అతనిచ్చిన దాంతో చిన్నవి రెండొచ్చాయి,
ఒకదానికి మూల మీద ఆకుపచ్చ మరక.
రేటు నలభై.
అయిదో తారీఖు కిస్తీ మెసేజీ మాత్రం
ఏ ఫోనులో చూసినా మహా స్పష్టంగా వస్తుంది.

పైడయ్య కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు
నేను ఆ తెర వైపు చూడను.
చూస్తే బంతి మీద కుట్లు కనపడతాయి.

నిన్న ఎస్తేరు ఎడమ సగంలో కూర్చుని
ఓడని నేరుగా రాళ్ల మీదకి నడిపింది,
నవ్వుతూ, పదిహేను నిమిషాలూ.
కుడి సగంలో పోలారావు
తెరకి ముక్కు ఆనించి వెతుకుతున్నాడు.
"ముడి అవుపడట్లేదక్కా ఇప్పుడు."
కాసేపాగి,
"సరిగ్గానే ఏసుంటార్లే."