తెల్లకాగితానికి ఛార్జీ లేదు

ఆగస్టు ఆఖర్న, రాత్రి తొమ్మిదిన్నరకి,
షట్టరు సగం దించాక దూరింది లాయరమ్మాయి.
నెత్తంతా వాన,
కోటు లోపల కాగితాలు మాత్రం
చంటిపిల్లంత పొడిగా.
"ఆరు సెట్లు. తెల్లారేసరికి."
తప్పిపోయిన పిల్లుల బొమ్మలు అచ్చేసే కొట్టు మాది,
ఎడింబరోలో, కోర్టు వెనక మెట్లసందులో.

ప్రొరోగేషన్.
నోరు తిరగని ఆ మాటని మొదటిసారి
మెషీను అద్దం మీద బోర్లా పడుకోబెట్టి చూశాను.
"అంటే?"
"పార్లమెంటుకి ఐదు వారాలు తాళం."
"ఎందుకట?"
"మేమూ అదే అడుగుతున్నాం."

పచ్చటి వెలుతురు పట్టీ
ఈ అంచు నుంచి ఆ అంచుకి పాకుతుంది,
మంచం కింద పడ్డ ఉంగరాన్ని
టార్చి వేసి వెతికినట్టు.
నూట నలభై పేజీలు, ఆరేసి సార్లు.
తేదీలున్నాయి, ముద్రలున్నాయి,
రాణిగారి పేరుంది.
ఎందుకు అన్నది మాత్రం లేదు.

పీటర్‌హెడ్ నుంచి తమ్ముడు లాక్లన్ ఫోను.
వాడి గొంతు కంటే ముందు పడవ ఇంజను వస్తుంది.
విడిపోదామని ఓటేసినవాడు,
వేసి మూడేళ్ళుగా రేవులోనే నిలబడ్డవాడు.
"మా సముద్రం మాకిప్పిస్తామన్నారు.
అడ్డుపడేవాళ్ళకి జిరాక్సులు తీస్తున్నావటగా, ఇష్బెల్!"
వాడి కోపం నాకు కొత్త కాదు.
కోటా కాగితం ఒకటొచ్చి
వలకన్నా బిగుతుగా ఇంటిని చుట్టిన ఏడు,
నాన్న పడవ అమ్మిన ఏడు,
ఇద్దరం ఒకే కిటికీలోంచి చూశాం.

"ఒరే, మీ సరంగు
మిమ్మల్నందర్నీ కింది గదిలోకి తోసి గొళ్ళెం పెడితే
ఎందుకని అడగవా?"
"తుఫానులో అడుగుతూ కూచుంటామా?"
"ఐదు వారాలా?"
చాలాసేపు ఇంజనే మాట్లాడింది.

మొదటి జడ్జి కాదన్నాడు:
ఇది రాజకీయం, కొలిచే గజంబద్ద మా దగ్గర లేదని.
అమ్మాయి మళ్ళీ వచ్చింది, కళ్ళ కింద నీలం.
డబ్బులివ్వబోతే టోనరు ఖరీదే తీసుకున్నాను.
పైకోర్టులో ముగ్గురూ ఔనన్నారు.
లండన్ కోర్టు అప్పటికే కాదనేసింది.
ఒకే దేశం, ఒకే వారం,
తక్కెడ మాత్రం ఊరికో తూకం.
ఈలోగా ఓ అర్ధరాత్రి దాటాక
సభకి తాళం పడనే పడింది.
టీవీలో ఖాళీ బెంచీలు
కోసేశాక మిగిలిన చేనులా పచ్చగా, మొండిగా.

సెప్టెంబరు ఇరవై నాలుగు, మంగళవారం.
రేడియో పెట్టాను.
మిసెస్ ఆబర్‌క్రాంబీ పిల్లి పోస్టరు పట్టుకుని నిలబడింది.
తేదీ మార్చాలట, పిల్లి ఇంకా రాలేదట.
పదకొండు మంది జడ్జిలు, ఒకటే మాట:
చెల్లదు.
కారణం చెప్పలేదు కనుక చెల్లదు.
ఆ ఉత్తర్వు పట్టుకొచ్చిన వాళ్ళ చేతుల్లో ఉన్నది
తెల్లకాగితంతో సమానమని.

మిసెస్ ఆబర్‌క్రాంబీ నా వంక చూసింది.
నేను మెషీను వంక చూశాను.
రోజూ ఒకట్రెండు కక్కుతుందది,
రెండు షీట్లు అతుక్కున్నప్పుడు,
అక్షరం లేకుండా, వెచ్చగా.
చూడ్డానికి మిగతా పేజీల్లాగే ఉంటాయి,
ఎత్తి చూస్తేనే తెలుస్తుంది.
అవి ఎవరి లెక్కలోనూ వెయ్యం.
గోడమీద బోర్డు కూడా ఉంది.

రాత్రి వాడే చేశాడు.
"గెలిచారుగా."
"నేనేం గెలిచాన్రా, స్టేపుల్ కొట్టాను."
"మా ఓటు అలాగే ఉందిగా?"
"అలాగే ఉంది. దాన్నెవరూ ముట్టుకోలేదు."
ఇంజను ఆపేసినట్టున్నాడు,
అలలు వినిపించాయి.

"ఇంతకీ," అన్నాడు,
"ఎందుకో చెప్పారా?"