గోడకు జ్వరం

అక్టోబరు ఇరవై తొమ్మిది.
హాంకాక్ ఊరి బయట, మిషిగన్ పైకొసన,
సిమెంటు ప్లాంటు వాడు ఫోనులో తేల్చేశాడు:
ఇదే ఆఖరి లారీ. మళ్ళీ ఏప్రిల్లోనే.

రెండు వేసవులుగా శనాదివారాలన్నీ దీనికే పోశాం.
తెల్లటి ఫోము దిమ్మెలు ఒకదానిమీదొకటి పేర్చి
నడుమ చువ్వలు కట్టి,
బైండింగు వైరు గాట్లతో సోమవారం ల్యాబుకెళితే
రక్తం ఇవ్వడానికొచ్చిన వాళ్ళే నన్ను అడిగేవారు
ఆ చేతులకేమైందమ్మా అని.

లారీ తొండమెత్తింది.
సువర్ణరాజు పైపు తిప్పుతున్నాడు,
నేను పరంజా మీద వైబ్రేటరుతో.
ఉత్తరం గోడ మొదట మూలిగింది, తర్వాత చిట్లింది.
బూడిదరంగు అంబలి బుసబుసా బయటికి.
పక్కింటి ఆర్వో, డెబ్భై ఆరేళ్ళ మనిషి,
ప్లైవుడ్ ముక్క అడ్డంపెట్టి మోకాలితో ఒత్తి నిలబడ్డాడు.
ఫిన్నిష్‌లో ఏదో అన్నాడు.
తిట్టే అయ్యుంటుంది, తిట్టుకి భాష తెలియక్కర్లేదు.

ఆ చోట గోడ ఇప్పటికీ ఉబ్బే ఉంది
ఐదో నెల కడుపంత.
చెక్కేద్దామన్నాడు రాజు.
వద్దన్నాను.

మా దీనమ్మ చిన్నమ్మ తాడేపల్లిగూడెంలో
స్లాబులకి గమేళాలు మోసేది.
పోసిన మర్నాడు నాకు పని:
స్లాబు మీద మట్టిగట్లు వేసి, చిన్న చిన్న మళ్ళు చేసి
బిందెతో నీళ్ళు నింపడం.
"ఎండ తాగేస్తుందే, అది తాగేలోగా నువ్వు తాపు"
అనేది, చీరకొంగుతో సున్నం మెడ తుడుచుకుంటూ.

ఆ సిమెంటుకి దాహం.
ఈ సిమెంటుకి చలి.
ఇక్కడ చెంబెడు నీళ్ళు పోశామంటే
తెల్లారేసరికి పలుగు దించినట్టే.

పక్కలకి ఫోము ఉంది సరే, నడినెత్తి ఖాళీ.
అద్దెకి తెచ్చిన దుప్పట్లు రెండు తక్కువయ్యాయి.
ఆర్వో పడవ మీది టార్పాలిన్ విప్పుకొచ్చాడు,
రాజు తన మందపాటి కోటు తీసి పరిచాడు,
బాత్రూం పట్టా కూడా వేశాను, నిజం.
దూరం నుంచి చూస్తే
ఇంటికి ఎవరో మంకీ క్యాపు తొడిగినట్టుంది.

రాత్రి మూడింటికి నిద్రపట్టక
ట్రెయిలర్లోంచి లేచి, నిచ్చెనెక్కి
దుప్పటి కిందికి థర్మామీటరు దోపాను.
బయట పంతొమ్మిది.
లోపల డెబ్భై ఒకటి.
ఫారెన్‌హీటే. జ్వరాలు చూసుకునే లెక్కలోనే.

ఎవరూ నిప్పు పెట్టలేదు.
రాయి కాబోయే ముందు
సిమెంటు తనంతట తను కాగుతుందని
పుస్తకంలో చదివే ఉన్నాను.
చెయ్యి లోపల పెట్టి చాలాసేపు ఉంచాను, అంతే.
నుదుటి మీద పెట్టినట్టు.

నవంబరంతా పరుగే.
కప్పు రేకులు పడ్డ సాయంత్రమే మంచు మొదలైంది.
కిటికీలు మాత్రం రాలేదు,
డులూత్‌లో ఏ గోడౌన్లోనో పదకొండూ పడుకునున్నాయి.
పదకొండు కన్నాలకీ ప్లాస్టిక్ కొట్టాం.
గాలి లాగితే లోపలికి, వదిలితే బయటికి,
ఇల్లు ఊపిరి నేర్చుకుంటోంది.

తలుపు మాత్రం అసలైనదే.
మూతపడ్డ బడిలోంచి ఆర్వో మోసుకొచ్చాడు,
పైన పద్నాలుగు అని నంబరు ఇంకా ఉంది.
బందులు బిగించి మెల్లగా నెట్టాం.
సరస్సు మీదనుంచి ఆరువారాలుగా
మా మధ్య కూర్చుని మాట్లాడిన గాలి
సగం మాటలో ఆగిపోయింది.
మేమే కాస్త కంగారుపడ్డాం.

హీటరు ముందు ముగ్గురం, తలో గ్లాసు టీ,
గోడలు చెమర్చి నేలంతా తడి.
పడకగది అడ్డగోడకి గీత గీయాలని
రాజు జేబులు తడుముకున్నాడు.
"టేపు చూశావా? పసుపుది?"

ఉత్తరం గోడ చిట్లినప్పుడు
నా నడుము నుంచి ఏం జారిందో
నాకు అప్పుడే తెలుసు.
ఎండాకాలం వెతుకుదాంలే అన్నాను.
ఆర్వో మోకాలు రుద్దుకుంటూ
ఆ ఉబ్బు వైపు ఓసారి చూసి
టీలో మొహం దాచుకున్నాడు.