ఉద్దెర పుస్తకం

మిర్యాలగూడ రైసు మిల్లుల రోడ్డు మీద
ఊక దుమ్ము అందరి నెత్తిన ఒక్క తీరుగనే పడ్తది,
నా మందుల షాపు అద్దాల మీద సుత.
పొద్దుగాల తుడుస్త, పగటీలికి మళ్ల బూడిద.

రాత్రి తొమ్మిదైతే కౌంటర్ కాడ కడుపునొప్పులు మొదలైతయి.
"పేట్ దుఖ్‌రా భాభీ" అంటది మహబూబ్బీ.
"పేట్ దూకరోచ యాడీ" అంటది తండా సోమ్లీబాయి,
నా కన్న ఇరవై ఏండ్లు పెద్దది, నన్ను తల్లీ అంటది.
ఒడిస్సా హమాలీ "పేట కాముడుచి" అంటడు,
కడుపు కరుస్తున్నదట.
మొదటిసారి కుక్క కరిచిందనుకొని
సూదుల లెక్క చెప్పిన.
కాలువ కొత్తగ పారిననాడు గుంటూరు దిక్కు నుంచి వచ్చిన
సత్యవాణమ్మది "కొంచెం మంటండీ".
యాభై ఏండ్లాయె, మనుమలు ఈడనే పుట్టిరి,
ఇంకా ఆమెను ఆంధ్రామె అనే అంటం.
అందరికీ ఒక్కటే గోలి ఇస్త.
అందరికీ పనిచెయ్యదు, అది వేరే సంగతి.

పైసల్లేనోళ్లను పుస్తకంల రాస్త.
పూర్తి పేరు రాస్త, అది నా పట్టు.
మా నాయిన భీమండిల సాంచెలు నడిపిన పదేండ్లు
కిరాణం సేటు పుస్తకంల ఆయనకు పేరే లేదు,
'కామాటి, మూడో ఖోలి' అని ఉండెనట.

హమాలీని పేరడిగితె "దుర్యోధన్ మాఝీ" అన్నడు.
బెంచీ మీదోళ్లంత పక్కున నవ్విండ్రు,
ఎవడన్న పెట్టుకుంటడా ఆ పేరు!
నేను సుత నవ్విన, అబద్ధమెందుకు.
వాడు తల గోక్కుంట, వచ్చీరాని మాటల్ల
"మా ఊళ్లె యుధిష్ఠిర్ సుత ఉన్నడు దీదీ,
పెద్ద తాగుబోతు" అన్నడు.

దసరా ముంగట శుక్రారం,
కరెంటు పోయిన అర్ధగంటల
మిల్లు గల్లపెట్టె పగిలింది.
తెల్లారేసరికి రోడ్డంత ఒకటే మాట: బయటోళ్లు.
మహబూబ్బీ సుత అన్నది. సత్యవాణమ్మ సుత అన్నది.
నేను అనలే. కాదని సుత అనలే.
దుర్యోధన్‌ను స్టేషన్‌కు తీస్కపోయిండ్రు.

రెండు దినాలు షట్టర్ తీసిన, ఏసిన.
పుస్తకం డ్రాలనే ఉండె.

సోమారం సోమ్లీబాయి వచ్చింది, మందుకు కాదు.
"మా తాత దినాలల్ల దొంగతనం ఏడైనా
పోలీసులు ముందుగాల తండాకే వచ్చేటోళ్లు" అన్నది.
గాజుల చెయ్యి అద్దం మీద పెట్టి
"పుస్తకం తియ్యి యాడీ."
చదువు రాదామెకు. ఏడున్నదో చూపియ్యమని
నా వేలు పట్టుకున్నది.

శుక్రారం, రాత్రి తొమ్మిదీ నలభై.
దుర్యోధన్ మాఝీ. బిడ్డకు వాంతులు.
ఓఆర్ఎస్ రెండు, సిరప్ ఒకటి. ఎనభై రెండు బాకీ.
అక్షరాలు వంకరున్నయి.
చీకట్ల రాసిన గద,
సెల్లు లైటు వాడే పట్టిండు.

ఇద్దరం ఆటోల పోయినం.

వాడు ఎడమ కాలు ఈడ్సుకుంట వచ్చిండు.
నొప్పి గోలీలకు చిల్లర ఎంచి ఇచ్చిండు.
బెంచీ మీద ఎవ్వరూ నవ్వలే,
జరిగి జాగ సుత ఇయ్యలే.

నెల జీతం నాడు ఆ ఎనభై రెండు కట్టిండు.
ఆ వరుస కొట్టెయ్యాలె.
పెన్ను తీస్త, మళ్ల పెడ్త.
వాడి బాకీ తీరింది గని,
గీత కొడితె ఆ రెండు దినాలు సుత
కొట్టేసినట్టయితది.